చిలకకి రాని మాట

2024 మే 5

మావ చిలకపిల్లని తెచ్చాడు. తాటిచెట్లు గీసే గంగులు మొండి తాడి తొర్రలోంచి దింపాడట. ఇంకా పూర్తిగా ఈకలు రాలేదు. పొట్ట దగ్గర ఎర్రటి చర్మం కనిపిస్తోంది. తువ్వాలులో చుట్టి నా చేతిలో పెట్టాడు.

“అల్లుడూ, ఇది నీ డూటీ. దసరాకల్లా మాటాడాల.”

పాతపట్నంలో మావ స్నేహితుడు రమేష్‌బాబు గారింట్లో ఒక చిలక ఉంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ‘దయచేయండి’ అంటుంది. అది విని వచ్చిన దగ్గర్నుంచి మావకి మనసు మనసులో లేదు.

“మన సిలక ‘రండి, కూకోండి’ అంటే నలుగురూ నవ్వుతారు. పుస్తకం మాటే నేర్పు.”

“ఫారెస్టోళ్ళు సూస్తే కేసు రాస్తారు. సిలకని పెంచకూడదట,” అంది అత్త.

అందుకని పంజరం వీధివైపు పెట్టలేదు. ఇంటి వెనక పశువుల శాలలో వేలాడదీశాం. పశువులు ఇప్పుడు లేవు. ఎరువుల బస్తాలు ఉంటాయి. ఈ డైరీ కూడా కొట్టుకి ఎరువుల కంపెనీ వాళ్ళు ఇచ్చిందే. నాలుగు నెలల కాగితాలు ఖాళీగా పోయాయి. రాయాలనిపించి ఇవాళ తీశాను. బస్తాల వెనక పెడుతున్నాను.

మే 9

రెండు గంటలకోసారి మేత. పాలలో నానిన అన్నం మెత్తగా పిసికి వేలి చివర పెట్టాలి. మావ పక్కనే నిలబడి చెబుతాడు. చిన్నప్పుడు మూడు చిలకల్ని పెంచాడట.

“గిన్నె దాని ముందర ఎట్టకు. గిన్నె సూసిందంటే తిండి గిన్నెలోంచి వస్తాదనుకుంటాది. నీ సేతిలోంచే రావాల. ఇంకెవులూ ఎట్టకూడదు. ఆకలేస్తే నిన్నే తలుసుకోవాల.”

“మరి కొట్టులో ఉన్నప్పుడు?”

“మద్దిలో లేచి రా. కొట్టు ఎక్కడికీ పోదు.”

కొట్టుకీ ఇంటికీ మధ్య నలభై అడుగులు. ఈ రోజు ఆరుసార్లు తిరిగాను.

మే 22

ఈకలు వస్తున్నాయి. నా భార్య యమున దానికి పేరు పెడదామంది. మావ వద్దన్నాడు. మనిషి పేరు పెడితే మనిషిలాగే మొండికేస్తుందట.

జూన్ 11

చినబాబు ఫోను. ఐటీఐలో నాతో డీజిల్ మెకానిక్కు చదివాడు. నరసన్నపేటలో హైవే పక్కన ట్రాక్టర్ల షెడ్డు కడుతున్నాడు.

“ఒరే పోతురాజూ, ఎరువుల కంపు ఇంకెన్నాళ్ళు పీలుస్తావురా? నాకు ఇంజిను ఇప్పేవోడు కావాల. దసరా పూజకి షెడ్డు తెరుస్తన్నాను. అప్పటికి రా. నేదంటే ఇంకొకడిని సూసుకుంటాను. నాకేటీ కోపం నేదు.”

మావతో చెప్పి వస్తానన్నాను.

“నువ్వు మీ మావతోటి సెప్తావా? ఐటీఐలో సారు నీ పేరు పిలిస్తే పక్కోడి ముకం సూసేవోడివి గదరా!”

రాజాంలో నన్ను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. తిరుమలరావు గారి అల్లుడినంటే అందరికీ తెలుస్తుంది. మావ మా అమ్మకి తమ్ముడు. అమ్మ పోయినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఇక్కడికి తెచ్చిందీ, ఐటీఐ చదివించిందీ, కూతుర్ని ఇచ్చిందీ, కొట్టులో కూర్చోబెట్టిందీ మావే. ఈ పద్దెనిమిదేళ్ళలో నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. ఇది రాసుకోకపోతే న్యాయం కాదు.

జూన్ 12

చెప్పలేదు. మావకి పంటినొప్పి.

జూన్ 20

చెప్పలేదు. విత్తనాల రద్దీ.

జూలై 3

చిలక రెక్కలు కత్తిరించాం. పట్టుకున్నది నేను, కత్తెర మావది.

“రెండు పక్కలా సమంగా తియ్యాల. ఒక పక్కే తీస్తే పల్టీలు కొట్టి సస్తాది. రెండు పక్కలా తీస్తే బుద్దిగా కిందకి దిగుతాది.”

నొప్పి ఉండదట, గోళ్ళు తీసినట్టేనట. నా బొటనవేలు కొరికేసింది. మావ రక్తం చూసి, “కరిసిందంటే నిన్ను గుర్తెట్టుకుందన్నమాట” అన్నాడు. సంతోషంగానే అన్నాడు.

జూలై 8

పాఠం మొదలు. పొద్దున్న ఆరింటికి. పంజరానికి మూడు పక్కలా గోనె కప్పి, నా ముఖం ఒక్కటే కనిపించేలా నిలబడాలి. ఒకే మాట, ఒకే గొంతు, యాభైసార్లు. దయచేయండి.

అత్త వసకొమ్ము అరగదీసి తేనెలో కలిపి తెచ్చింది. పసిపిల్లలకి మాటలు రావడానికి నాలిక మీద రాసేది. పుల్లతో చిలక నాలికకి అంటించాను.

“మిగిలింది బావకి రాయమ్మా. బావకీ మాటలు రాలేదు,” అంది యమున.

అత్త పడి పడి నవ్వింది. నేనూ నవ్వాను.

జూలై 16

పాఠం అయ్యాక చిలక తల ఒక పక్కకి వాల్చి చూస్తుంది. కొట్టులో ఎవరైనా బేరం ఆడితే మావ కూడా అలాగే వింటాడు. ఎందుకో నోట్లోంచి వచ్చేసింది. గొంతు సవరించుకుని దానితో అన్నాను: “మావా, మేం నరసన్నపేట ఎల్లిపోతాం. సినబాబు షెడ్డు పెడతన్నాడు. నానూ యమునా అక్కడే గది తీసుకుంటాం.”

అది కళ్ళు మూసి తెరిచింది. అంతే. మాట బాగానే వచ్చింది. రోజూ పాఠం అయ్యాక ఒకసారి అనుకుంటే మావ ముందు తడబడను.

యమునకి ఇంకా చెప్పలేదు. మావతో మాట తేలాక ఆమెకి చెప్పడం తేలిక.

జూలై 29

మాట పొడుగైంది. మధ్యలో తెగిపోతోంది. షెడ్డు సంగతి తీసేశాను. గది సంగతి కూడా.

ఆగస్టు 10

ఇంకా చిన్నది చేశాను. చివరి ముక్క ఒక్కటే. ఇది బాగుంది, ఊపిరి సరిపోతుంది. రోజుకి పదిసార్లు అంటున్నాను. మావకి అనుమానం రాకుండా దయచేయండి కూడా అంటున్నాను.

ఆగస్టు 19

“ఏటల్లుడూ, ఇంకా పలకదేటి? నువ్వు సరిగ్గా అంటన్నావా? ఏదీ, అను సూద్దాం.”

అన్నాను.

“నీ నోట్లోనే ఆ మాటకి పేణం నేదు. దాని నోట్లో ఏటి బతుకుతాది?”

ఆగస్టు 24

ఈ రోజు చెబుదామని వెళ్ళాను. మావ గెడ్డం గీసుకుంటున్నాడు. అప్పుడు చెప్పకూడదు.

సెప్టెంబరు 4

చిలక మాట్లాడింది.

పొద్దున్న కొట్టు తెరుస్తుంటే అత్త కేకేసింది. పరిగెత్తాను. మావ కూడా నోట్లో వేపపుల్లతో వచ్చాడు. అత్త శాల గుమ్మంలో చేతులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

చిలక ముందు దగ్గింది. చిన్న దగ్గు, గొంతు సవరించుకున్నట్టు. తరవాత అంది:

“నానెల్లిపోతాను మావా.”

నా గొంతే. ఎవరు విన్నా నా గొంతని చెబుతారు. మావ నా వైపు తిరిగాడు. వేపపుల్ల తీశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా, బస్తాల మీద కూర్చునేదాకా నవ్వాడు.

“ఎక్కడికెల్తావే? రెక్కల్లేవు గదేటే నీకు! ఒసే లచ్చనమ్మా, ఇన్నావా? ఎల్లిపోతాదట!”

“సుబమా అని మొదటి మాట అదేటి?” అంది అత్త. “ఇంట్లో ఎవులూ ఎల్లిపోతాను అనకూడదు. ఎల్లొస్తాను అనాల. అది మార్పించు అల్లుడూ.”

“మార్పించకు! పాతపట్నం సిలక దీని ముందు ఏటి? అది వచ్చినోళ్ళని రమ్మంటాది, అంతే గదా. ఇది మనతోటి ఎటకారం ఆడతన్నాది. ఎలా నేర్పావురా ఇది?”

నేర్పలేదు, అదే అంది, అన్నాను.

“సూడు, పిట్టకి ఎంత తెలివో!”

ఎవరూ ఏమీ అనుమానించలేదు. మంచిదే అయింది.

సెప్టెంబరు 8

పంజరం వీధి గదిలోకి మారింది. ఫారెస్టోళ్ళ భయం మావకి పోయింది, వాళ్ళొచ్చినా నవ్వి పోతారంటున్నాడు. యూరియాకి వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ లోపలికి తెస్తున్నాడు. నన్ను దగ్గమంటాడు. నేను దగ్గితే చిలక అంటుంది. అందరూ ఒక్కసారే, “ఎల్లు, ఎల్లు!” అంటారు. పంజరం తలుపు తీస్తాడు. అది తలుపు మీదకి వచ్చి కూర్చుని నా చేతి వైపు చూస్తుంది. మళ్ళీ నవ్వులు.

ఈ రోజు ఏడుసార్లు దగ్గాను.

సెప్టెంబరు 12

వీధిలో పిల్లలు కూడా అంటున్నారు. పాలు పోసే బుల్లమ్మ వెళ్ళేటప్పుడు “నానెల్లిపోతాను మావా” అంటోంది. మావ లోపల్నుంచి, “ఎల్లు, ఎల్లు!” అంటాడు.

యమున ఒక్కసారీ నవ్వలేదు. తలనొప్పి కాబోలు.

సెప్టెంబరు 15

మధ్యాహ్నం అన్నం పెడుతూ యమున అడిగింది.

“బావా, ఎక్కడికి ఎల్తావు?”

“ఎక్కడికి? కొట్టుకే.”

“సిలక అబద్దం సెప్పదు. అది నువ్వు దగ్గిన దగ్గే దగ్గుతాది.”

చెప్పాను. చినబాబు సంగతి, షెడ్డు సంగతి, దసరా సంగతి. ఆమె పప్పు గరిట గిన్నెలోనే ఉంచి విన్నది.

“మూడు నెల్ల కిందటి మాటేటి? సిలకకి సెప్పీసేవు. నాకెప్పుడు సెప్తావు?”

“మావతో తేలాక సెప్దామని.”

“మరి అది నాను అంటాదేటి? నానెల్లిపోతాను అంటాది.”

“నాను మేం అనే అన్నాను. మేం ఎల్లిపోతాం అని. పిట్టకి ‘మ’ పలకదు. ‘మ’ అనాలంటే పెదాలు కలవాల. దానికి పెదాలు ఎక్కడున్నాయి?”

ఆమె గరిట తీసి నా కంచంలో పప్పు వేసింది.

“మావా అంటాది గదా.”

సెప్టెంబరు 16

జూలై 16న రాసింది చూశాను. ‘మేం’ అనే ఉంది. స్పష్టంగా ఉంది.

సెప్టెంబరు 17 నుంచి 24

రోజూ పొద్దున్న, ఎవరూ లేవకముందు, మేం అని చెబుతున్నాను. మేం ఎల్లిపోతాం. యాభైసార్లు, ఒకే గొంతు. జామకాయ ముక్క పెడుతున్నాను. పచ్చిమిరపకాయ పెడుతున్నాను. తల వాల్చి వింటుంది, తింటుంది. తిన్నాక తన మాటే అంటుంది.

సెప్టెంబరు 25

రాదు. ఒకసారి పట్టిన మాట చిలక వదలదట. మావ చెప్పాడు.

అక్టోబరు 1

చెప్పలేదు.

అక్టోబరు 6

రమేష్‌బాబు గారు పాతపట్నం నుంచి వచ్చారు. మావే పనిగట్టుకుని పిలిచాడు. కోడి కోయించాడు. చిలక ఆయన ముందు మూడుసార్లు అంది. ఆయన చేతులెత్తేశారు. “మాది పుస్తకం సిలకండి. ఇది మనిషండి,” అన్నారు. మావ ముఖం చూడాలి. నా పెళ్ళిలో కూడా అంత సంతోషంగా లేడు.

భోజనాలు అవుతున్నాయి. మావ మనసు బాగుంది. దసరా ఇంకా ఆరు రోజులే. ఇంతకంటే మంచి సమయం రాదనుకున్నాను. యమున పెరుగు గిన్నెతో గుమ్మం దగ్గర ఉంది. నేను లేచి నిలబడ్డాను. మేం ఎల్లిపోతాం అనాలి. మనసులో అదే ఉంది. గొంతు సవరించుకున్నాను.

“నానెల్లిపోతాను మావా,” అన్నాను.

రమేష్‌బాబు గారి నోట్లో ముద్ద బయటికి వచ్చేసింది. మావ ఎడం చేత్తో నేల మీద కొట్టాడు.

“అచ్చం! అచ్చం సిలకలాగే అన్నావురా! దగ్గు కూడా అదే! ఇంకోపాలి అను, అను!”

“నిజంగానే మావా. నరసన్నపేటలో...”

“నరసన్నపేట ఎల్తాదట! బస్సెక్కి ఎల్తావా, ఎగిరెల్తావా?” అని రమేష్‌బాబు గారు.

“అది కాదురా, ముందుది అను. దగ్గి అను.”

దగ్గి అన్నాను. వాళ్ళు ఇద్దరూ కలిసి, “ఎల్లు, ఎల్లు!” అన్నారు. లోపల పంజరంలోంచి చిలక కూడా అంది. ఇల్లంతా నవ్వులు. అత్త కొంగు నోట్లో పెట్టుకుంది.

నేనూ నవ్వాను.

తల తిప్పేసరికి గుమ్మం దగ్గర యమున లేదు. పెరుగు గిన్నె కింద ఉంది.

అక్టోబరు 7

ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. చెప్పాను కదా. రెండుసార్లు చెప్పాను.

అక్టోబరు 8

యమున మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది. నా గిన్నె, నా నీళ్ళు సమయానికి ఉంటున్నాయి.

అక్టోబరు 9

చినబాబు ఫోను. “పూజకి సామాను తెచ్చీసేను. వస్తన్నావా, నేదా? ఒక్క ముక్క సెప్పు.” మావ పక్కనే ఉన్నాడు. తరవాత చేస్తానన్నాను. చెయ్యలేదు. కొట్టులో సంచులు దులిపి పేర్చాను. అవి నిన్న కూడా పేర్చాను.

ఇక్కడ బాగానే ఉంది. మావ ఇంట్లో నాకేం తక్కువ? ట్రాక్టరు కింద పడుకుని నూనె మీద పోసుకోవడం పెద్ద పనేమీ కాదు. చిలకని వదిలితే తిండి తినదు కూడా.

అక్టోబరు 11

ఉదయం ఎనిమిది. మావ వీధి గదిలో పేపరు చదువుతున్నాడు. నేను పంజరంలో నీళ్ళు మారుస్తున్నాను. యమున తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి పేపరుకి అటు పక్క నిలబడింది.

“నాన్నా, మేం ఎల్తాం. నరసన్నపేట. రేపే.”

దగ్గలేదు. గొంతు పెంచలేదు. పాలు వచ్చాయని చెప్పినట్టు చెప్పింది. మావ నవ్వడానికి నోరు తెరిచాడు. ఆమె ముఖం చూసి మూశాడు.

“మేం అంటే ఎవులు?”

“నానూ, బావా. అక్కడ షెడ్డులో పని ఉన్నాది. అన్నయ్యతోటి మాటాడీసేను.” అన్నయ్య అంటే చినబాబు. నా ఫోనులోంచి నంబరు ఎప్పుడు తీసుకుందో తెలీదు.

“నానేటి తక్కువ సేసేను మీకు?”

“ఏటీ తక్కువ సెయ్యలేదు నాన్నా. అందుకే ఇన్నాళ్ళు ఉన్నాం.”

మావ పేపరు మడిచాడు. మడిచిందే మళ్ళీ మడిచాడు. అప్పుడు నన్ను చూశాడు.

“ఇది సెప్పడం గాదు. నువ్వు సెప్పు. నీ నోటితోటి.”

నీళ్ళ గిన్నె నా చేతిలో ఉంది. చిలక నా భుజం వైపు జరిగి గొంతు సవరించుకుంది. తన మాట అంది. మావ నవ్వలేదు, ఎవరూ నవ్వలేదు.

“మేం,” అన్నాను.

“మేం... ఏటి?”

మిగతాది రాలేదు. ఆ ఒక్క అక్షరం మీదే నిలబడిపోయాను. పెదాలు కలుస్తున్నాయి, విడివడటం లేదు.

“అది సాల్లే నాన్నా,” అంది యమున. బట్టలు సర్దడానికి లోపలికి వెళ్ళింది.

మావ ఈ రోజు కొట్టు తనే తెరిచాడు. షట్టరు ఎత్తడానికి నన్ను పిలవలేదు. పద్దెనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి.

అక్టోబరు 12

రెండు సంచులు, ఒక గ్యాసు పొయ్యి. అత్త ఏడుస్తూనే, “ఎల్లొస్తామని అనండి” అని అనిపించుకుంది. ఇద్దరం అన్నాం. మావ మా వైపు వీపు పెట్టి పంజరం దగ్గర నిలబడ్డాడు. గుప్పిట్లో నానిన శనగలు ఉన్నాయి. చిలక తినటం లేదు. ఆయన చెయ్యి తీయటం లేదు.

బస్సులో యమున కిటికీ పక్క కూర్చుంది. చినబాబు పూజలో నా చేత గుమ్మడికాయ కొట్టించాడు. మూడుసార్లు పేరు పెట్టి పిలిచాడు. రెండోసారికి పలికాను.

అక్టోబరు 15

హైవే అవతల ఒక గది. ఇవతల షెడ్డు. పొద్దున్న పాత ట్రాక్టరు ఒకటి వచ్చింది, గేరుబాక్సు విప్పాను. చేతులకి పని మరిచిపోలేదు.

మధ్యాహ్నం యమున క్యారేజీ తెచ్చింది. పాత టైరు మీద కూర్చుని మూత తీసి నా ముందు పెట్టింది. చినబాబు సామాను కోసం బజారుకి వెళ్ళాడు. ఎవరూ లేరు.

“నిజం సెప్పు బావా. దానితోటి ఏటన్నావు, నానూ అనా, మేం అనా?”

ఈ డైరీ సంచిలోనే ఉంది. మొదటి పాఠాల దగ్గర ‘మేం’ అని రాసి ఉంది. తీసి చూపిద్దామనుకున్నాను. తరవాతి పేజీల్లో ఏముందో కూడా నాకు తెలుసు. చివరి ముక్క ఒక్కటే అని ఉంది. ఆ ముక్క ఏమిటో రాయలేదు.

“మొదట్లో మేం అన్నాను,” అన్నాను.

“తరవాత?”

“నాను అన్నాను.”

“ఎన్నాళ్ళు?”

“సిలకకి వచ్చేదాకా.”

ఆమె తల ఊపింది. ఏడవలేదు. కూర మూత తీసి నా వైపు జరిపింది.

“రేపట్నుంచి నువ్వే ఇంటికొచ్చి తిను. నాను మోసుకు రాను,” అని లేచింది.

రోడ్డు అంచున నిలబడింది. లారీలు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. రోడ్డు దాటాక ఎడమకి తిరిగితే బస్టాండు, కుడికి తిరిగితే మా గది. రాజాం బస్సు గంటకొకటి ఉంటుంది. నేను అన్నం ముందు కూర్చుని చూస్తున్నాను. పిలవొచ్చు. ఏమని పిలవాలో తెలియలేదు.

లారీల మధ్య సందు దొరికింది. దాటింది. అవతల అంచున ఆగి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. చాలాసేపు సర్దుకుంది. తరవాత కుడికి తిరిగింది.

గది తలుపు తీసి లోపలికి వెళ్ళేదాకా చూసి, అప్పుడు అన్నం కలుపుకున్నాను.